గోడ మీది డబ్బాకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

విశాఖ ద్వారకానగర్‌లో ఒక కాంప్లెక్సు. రెండో అంతస్తు మెట్ల మలుపులో, మీటర్ల బోర్డుకీ నీళ్ల పైపుకీ మధ్య, అరచేయంత తెల్ల డబ్బా గోడకు బిగించి ఉండేది. పక్కనే ఒక ట్రావెల్స్ ఆఫీసు, అందులో నాలుగు ఐఎస్‌డీఎన్ ఫోన్లు, అంటే రాగి తీగ మీదే మాటను అంకెలుగా మార్చి పంపే పాత డిజిటల్ లైను ఫోన్లు. ఒక మధ్యాహ్నం అక్కడి మేనేజరు తన సెల్ నుంచి ఫోన్ చేశాడు. "గురూగారూ, మా ఫోన్లకి పూనకం వచ్చిందండీ. అన్నీ ఒకేసారి పడిపోతున్నాయి, ఒకేసారి లేస్తున్నాయి."

వెళ్లి చూస్తే, పొద్దున సీసీ కెమెరాలు బిగించడానికి వచ్చిన కుర్రాడు రికార్డరుకి ఇంటర్నెట్ కావాలని గోడ మీద ఖాళీగా కనబడ్డ సాకెట్‌లో కేబుల్ పెట్టి వెళ్లాడు. సాకెట్ ఆర్‌జే-45, అంటే ఎనిమిది పిన్నుల నెట్ సాకెట్. కేబుల్ చివర కూడా ఆర్‌జే-45. టక్కుమని కూర్చుంది. నేను కేబుల్ పీకేశాక ఫోన్లు తేరుకున్నాయి. రికార్డరు నెట్ పోర్టు మాత్రం మళ్లీ లేవలేదు.

ఆ కుర్రాణ్ని తప్పుపట్టలేను. సరిపోయే సాకెట్‌లో సరిపోయే ప్లగ్గు పెట్టాడు. కానీ ఆ సాకెట్ లోపల 40 వోల్టులున్నాయని ఎవరికీ అనిపించదు. ఎందుకంటే మన బుర్రలో కరెంటు అంటే మూడు పిన్నుల ప్లగ్గు, ఫోన్ వైరంటే మాట. ఐఎస్‌డీఎన్‌లో ఈ రెండూ ఒకే తీగలో కాపురం చేస్తాయి. కాబట్టి ఏ పరికరం తగిలించే ముందైనా వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ తీగలో కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

ఇవాళ ఐఎస్‌డీఎన్ ఎవరు వాడుతున్నారని అడగొచ్చు. దాని పొద్దు వాలిన మాట నిజమే. బ్రిటన్‌లో పాత రాగి ఫోన్లతో పాటు దీన్నీ 2027 జనవరికల్లా ఆపేస్తామంటున్నారు. అయినా పాత ఈపీఏబీఎక్స్‌ని, అంటే లోపలి ఫోన్లన్నిటినీ కలిపే సొంత బుల్లి ఎక్స్చేంజ్ పెట్టెని, పదిలంగా నడుపుకొచ్చే హోటళ్లు, ఆసుపత్రులు ఇంకా ఉన్నాయి. మన దేశంలో టెలికాం పరికరాలకు పరీక్ష, సర్టిఫికెట్ తప్పనిసరి చేసిన 2019 అక్టోబరు 1 నాటి తొలి విడత జాబితాలో మోడెమ్, ఫ్యాక్స్, పీఏబీఎక్స్‌లతో పాటు ఐఎస్‌డీఎన్ పరికరాలు కూడా ఉన్నాయి. పైగా, లైను ఆపించేసిన వాళ్లలో కూడా గోడ మీది డబ్బాను విప్పించినవాళ్లు తక్కువ. దాని కథ తెలియని కొత్త తరం వైరింగు వాళ్లు రోజూ దాని మీదే చెయ్యి వేస్తున్నారు.

డబ్బాకు అటూ ఇటూ

ఆ డబ్బా పేరు ఎన్‌టీ-1. నెట్‌వర్క్ ఎక్కడ ఆగుతుందో, మన సామాను ఎక్కడ మొదలవుతుందో చెప్పే సరిహద్దు రాయి అది. ఎక్స్చేంజ్ నుంచి వీధిలోని పిల్లర్ పెట్టె, అక్కడి నుంచి ఇళ్లకు తీగలు పంచే డీపీ బాక్సు మీదుగా మామూలు ఫోన్‌కి వచ్చినట్టే రెండు రాగి తీగలు దాని దాకా వస్తాయి. ఈ వైపును 'యూ' అంటారు. రెండేసి బిట్లను కలిపి నాలుగు మెట్ల వోల్టేజీలో ఒక మెట్టుగా మార్చి పంపుతారు కాబట్టి, ఆ రెండు తీగలే అటూ ఇటూ సెకనుకు 160 కిలోబిట్లు మోస్తాయి. రాగి బాగుంటే అయిదున్నర కిలోమీటర్ల దాకా నడుస్తుంది. అందులో మనకు దక్కేవి మాట మోసే 64 కిలోబిట్ల బీ ఛానళ్లు రెండు, కాల్ సంకేతాలు మోసే 16 కిలోబిట్ల డీ ఛానల్ ఒకటి.

డబ్బాకు ఇటువైపు నాలుగు తీగలు. రెండు వెళ్లడానికి, రెండు రావడానికి. దీన్ని 'ఎస్' బస్ అంటారు. ఆర్‌జే-45 సాకెట్‌లో 3, 6 పిన్నులు ఫోన్ మాట పంపే జత, 4, 5 పిన్నులు అందుకునే జత. ఈ బస్ మీద ఎనిమిది పరికరాల దాకా వరసగా తగిలించొచ్చు. ఆఖరి సాకెట్‌లో ఒక్కో జతకు 100 ఓమ్‌ల రెసిస్టరు పెట్టాలి. లేకపోతే సంకేతం చివర గోడకు కొట్టుకున్న బంతిలా వెనక్కి వస్తుంది. మధ్య సాకెట్లలో కూడా ఉదారంగా రెసిస్టర్లు పెట్టేసిన వాళ్లను చూశాను, అదీ తప్పే.

యూ వైపు తీగలు ఊరంతా తిరిగి వస్తాయి. స్తంభాలెక్కుతాయి, హైటెన్షన్ లైన్ల కింద నుంచి దూరుతాయి, పిడుగుల సీజన్లో బయటే ఉంటాయి. అందుకే ఆ తీగ మీద మామూలు రోజుల్లో ఎంత వోల్టేజీ ఉన్నా, ఎప్పుడైనా ఎంతైనా రావచ్చన్న లెక్కతోనే దాన్ని చూడాలి. ఎస్ వైపు అలా కాదు. అది గదుల్లోనే ఉంటుంది, దాని మీద ఉండేది సుమారు 40 వోల్టుల డీసీ. చేత్తో తాకినా ప్రమాదం లేదని అంతర్జాతీయ ప్రమాణాలు గీసిన గీత 60 వోల్టుల డీసీ, దానికి లోపలే ఉంది. ఈ రెండు లోకాల్నీ విడదీసేది ఎన్‌టీ లోపలి బుల్లి ట్రాన్స్‌ఫార్మర్. యూ వైపు పని లైన్‌మాన్‌ది, ఎస్ వైపు పని మనది అని నేను గట్టిగా చెప్పేది అందుకే.

మామూలు ఫోన్ లైను సంగతీ ఇక్కడే చెప్పాలి, పక్కపక్క జతల్లో రెండూ ఉంటాయి కదా. దాని మీద ఎక్స్చేంజ్ బ్యాటరీ 48 వోల్టుల డీసీ ఎప్పుడూ ఉంటుంది. గంట మోగేటప్పుడు దాని మీద 75 వోల్టుల ఏసీ అదనం. తీగలు పళ్లతో ఒలుస్తుండగా ఎవరో కాల్ చేస్తే తెలుస్తుంది ఆ రుచి. మే నెల ఉక్కలో, చెమట చేతులతో, విశాఖలో ఇది ఇంకాస్త ఘాటుగా తగులుతుంది. తడి చర్మం కరెంటుకి దారి ఇస్తుంది మరి. యూ లైనులో గంట వోల్టేజీ రాదు కానీ, దూరాన ఉన్న ఎన్‌టీని బతికించడానికి ఎక్స్చేంజ్ పంపే డీసీ ఉంటుంది. కొన్ని దేశాల నెట్‌వర్కుల్లో అది వందకు దగ్గర పడుతుంది. ఇక యూ లైనుకి పాత అలవాటు కొద్దీ 'ప్యారలల్ ఫోన్' లాగారా, రిసీవర్ ఎత్తగానే ఆ ఫోన్ లైనులోని డీసీని మింగేస్తుంది, మొత్తం సర్వీసు పడిపోతుంది. ఎన్‌టీ ప్లస్ రకం డబ్బాలో మామూలు ఫోన్లకు విడిగా రెండు రంధ్రాలుంటాయి, వాటికే తగిలించాలి.

కనబడని నలభై

ట్రావెల్స్ ఆఫీసులో నాతో వచ్చిన టెక్నీషియన్ మీటరు తీసి 3, 6 పిన్నుల మధ్య పెట్టి చూశాడు. సున్నా. 4, 5 మధ్య చూశాడు. సున్నా. "కరెంటే లేదు సార్" అన్నాడు. మీటరు ముల్లును 3 మీదా 4 మీదా పెట్టమన్నాను. నలభై చూపించింది.

ఇది అర్థం కావాలంటే ఫిషింగ్ హార్బరుకి వెళ్లాలి. రెండు పడవలు పక్కపక్కనే కట్టి ఉన్నాయి. ఒకడు ఈ పడవ నుంచి ఆ పడవకు చేపల గంప అందిస్తున్నాడు. పోటు వచ్చి నీళ్లు లేచినా గంప అందించేవాడికి తేడా తెలియదు, ఎందుకంటే రెండు పడవలూ సమానంగా లేచాయి. జతలో రెండు తీగలూ ఆ రెండు పడవలు. మాట వాటి మధ్య తేడాలో నడుస్తుంది. కరెంటు రెంటినీ కలిపి లేపుతుంది. ఒక జత మొత్తం ఒక ధ్రువం, రెండో జత మొత్తం ఇంకో ధ్రువం. మాటకు అడ్డం రాకుండా కరెంటు, కరెంటుకు అడ్డం రాకుండా మాట. దీన్ని ఫాంటమ్ పవర్ అంటారు. పేరుకు తగ్గట్టే, తెలియనివాడి మీటరుకి కనబడదు.

కరెంటు ఉన్నంత సేపు ఎన్‌టీ మన 230 వోల్టుల లైను నుంచి తీసుకుని, 40 వోల్టులుగా మార్చి, మొత్తం నాలుగున్నర వాట్ల దాకా బస్ మీద పెడుతుంది. ఒక్కో ఫోన్ ఒక వాటు తీసుకుంటుందని లెక్క. అంటే అడాప్టర్ లేకుండా నాలుగు ఫోన్లు హాయిగా నడుస్తాయి. ఎనిమిది తగిలించొచ్చని చెప్పింది సంకేతాల లెక్క, ఇది తిండి లెక్క. అయిదో ఫోన్ నుంచి దాని సొంత అడాప్టర్ దానికి ఉండాలి.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో చూడండి, నాకు ఈ విద్యలో అన్నిటికంటే ముచ్చటేసేది అదే. ఎన్‌టీకి 230 వోల్టులు ఆగిపోతాయి. కానీ ఎక్స్చేంజ్ నుంచి యూ లైను మీద డీసీ వస్తూనే ఉంది. నెట్‌వర్కులో ఆ ఏర్పాటు ఉంటే ఎన్‌టీ అందులోంచి ఒక గుక్కెడు, 420 మిల్లీవాట్లు, ఎస్ బస్‌కి వదులుతుంది. వదిలేటప్పుడు ధ్రువాలు తిరగేస్తుంది. ప్లస్ ఉన్న జత మైనస్, మైనస్ ఉన్నది ప్లస్. ఫోన్లకు అదే కబురు: "ఇంట్లో కరెంటు పోయింది. అత్యవసరం వాడు తప్ప అందరూ పడుకోండి." అత్యవసర ఫోన్‌గా ముందే పెట్టుకున్న ఒక్క ఫోన్ 380 మిల్లీవాట్లలో సర్దుకుని మాట్లాడుతుంది. మిగతావి ధ్రువం మారడం చూసి ఆగిపోతాయి. అదనంగా ఒక్క తీగ లేదు, ఒక్క బిట్ పంపలేదు. ప్లస్సు, మైనస్సుల తారుమారే సమాచారం.

ఆ 420 మిల్లీవాట్లు ఎంతంటే, ఓ పది చిన్న ఎల్‌ఈడీ సూచిక దీపాలు వెలుగుతాయంతే. అందుకే అత్యవసర ఫోన్ ఒక్కటే ఉండాలి. చాలా ఫోన్ల అడుగున దీనికో చిన్న స్విచ్ ఉంటుంది. ఎందుకైనా మంచిదని రెండు ఫోన్లకు ఆ స్విచ్ వేసేస్తారు జాగ్రత్తపరులు. కరెంటు పోగానే రెండూ ఆ గుక్కెడు కోసం కొట్టుకుంటాయి, వోల్టేజీ కూలుతుంది, రెండూ పోతాయి. ఒకటుంటే ఒకటి పనిచేస్తుంది, రెండుంటే సున్నా.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరి మీద పడ్డాక రోజుల తరబడి కరెంటు లేని విశాఖను చూసిన వాళ్లకు ఈ ఏర్పాటు విలువ వేరే చెప్పక్కర్లేదు. స్తంభాలే పడిపోయిన చోట ఏ ధ్రువం తిరగేసినా లాభం లేదనుకోండి. కానీ తీగ తెగకుండా ఉంటే, ఎక్స్చేంజ్‌లో బ్యాటరీ, డీజిలు ఉన్నంత సేపు దీనికి ఊపిరి ఉంటుంది. ఇప్పుడు ఇంటికొచ్చే ఫైబరు గాజు, అందులోంచి కరెంటు రాదు. ఇంట్లో సొంత బ్యాటరీ లేకపోతే కరెంటుతో పాటే ఫోనూ పోతుంది.

ఇప్పుడు ఆ రికార్డరు దగ్గరికి. చాలా నెట్ పోర్టుల లోపల ప్రతి జతా ఒక 75 ఓమ్‌ల రెసిస్టరు గుండా ఒక ఉమ్మడి బిందువుకి కలుస్తుంది. అది అడ్డదిడ్డమైన సంకేతాల్ని అణచడానికి పెట్టింది, కరెంటు మోయడానికి కాదు. ఎస్ బస్ తగిలించగానే 3-6 జతకీ 4-5 జతకీ మధ్య 150 ఓమ్‌ల దారి తెరుచుకుంది. 40 వోల్టులు, 150 ఓమ్‌లు అంటే పావు ఆంపియరు పైన, పది వాట్లకు పైన. ఎన్‌టీ ఇవ్వగలిగింది నాలుగున్నర. అది మోయలేక వోల్టేజీ దించింది, ఫోన్లు పడ్డాయి, తేరుకుని లేచాయి, మళ్లీ పడ్డాయి. ఈలోగా రికార్డరులోని ఆవగింజంత రెసిస్టర్లు మాడాయి.

సరిగ్గా ఈ ప్రమాదం కోసమే, నెట్ కేబుల్లో కరెంటు పంపే పీఓఈ స్విచ్‌లు ముందు తలుపు కొడతాయి. అవతల 25 కిలో ఓమ్‌ల గుర్తు కనబడితేనే 48 వోల్టులు వదులుతాయి. కాబట్టి ప్రమాణం పాటించే పీఓఈ స్విచ్‌కి ఐఎస్‌డీఎన్ ఫోన్ పొరపాటున తగిలించినా సాధారణంగా ఏమీ కాదు. కెమెరాల వాళ్లు, వైర్‌లెస్ ఇంటర్నెట్ వాళ్లు వాడే చవక ఇంజెక్టర్లు వేరు. అవి అడగవు, గుడ్డిగా పోసేస్తాయి. ఐఎస్‌డీఎన్ 40 వోల్టులది కూడా ఆ గుడ్డి జాతే, పీఓఈ పుట్టకముందు పుట్టింది పాపం. గోడ సాకెట్ల మీద రంగు స్టిక్కరు అంటించడం కంటే దీనికి మెరుగైన మందు నాకు దొరకలేదు. ఎర్ర స్టిక్కరు ఐఎస్‌డీఎన్, దాన్ని ముట్టుకోవద్దు.

ప్లగ్గు వైపు

ఎన్‌టీల్లో కొన్నిటికి 230 వోల్టుల తీగ నేరుగా వెళ్తుంది, కొన్నిటికి అడాప్టర్ ఉంటుంది. అడాప్టర్ పాడైతే డాబాగార్డెన్స్ వైపు వెళ్లి గుండ్రటి పిన్ను సరిపోయేది తెచ్చేస్తారు. పిన్ను సరిపోవడం చాలదు, దాని మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు, ప్లస్-మైనస్ బొమ్మ మూడూ కలవాలి. అంతకంటే ముఖ్యమైనది పైకి కనబడదు. అడాప్టర్ లోపల 230 వోల్టులకీ మన చేతికొచ్చే తీగకీ మధ్య ఉండే ఎడబాటు. చవక సరుకులో ఆ ఎడం వెంట్రుకవాసి. అది తెగిందా, 40 వోల్టులే కదా అని ధీమాగా పట్టుకున్న ఎస్ బస్ మీదికి 230 వచ్చి కూర్చుంటుంది. అడాప్టర్ మీద బీఐఎస్ ప్రమాణం నంబరు (ఐఎస్ 13252 లాంటిది), ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసి కొనండి. వంద రూపాయల దగ్గర బేరం ఆడే చోటు కాదిది.

ఈపీఏబీఎక్స్ ఉంటే తగిలించే వరస కూడా ముఖ్యం. ముందు ఎర్త్, తర్వాత కరెంటు ప్లగ్గు, ఆఖరికి టెలిఫోన్ లైను. తీసేటప్పుడు తిరగేసి, లైను ముందు, ఎర్త్ చివర. లైను తగిలి ఉండగా మూడు పిన్నుల ప్లగ్గు పీకితే ఎర్త్ కూడా పోతుంది. అప్పుడు బయటి నుంచి లైను మీదికి ఏదొచ్చినా పెట్టెకు దిగడానికి దారుండదు, మీ చెయ్యే దారి. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టే ఘనకార్యం గురించి వేరే చెప్పను.

ఐఎస్‌డీఎన్‌లోనే పెద్ద రకమైన ప్రైమరీ రేట్ లైను, అదే పీఆర్ఐ, సంగతి కొంత సులువు. 64 కిలోబిట్ల గదులు 32, కలిపి 2.048 మెగాబిట్లు. అందులో 30 మాటలకి, ఒకటి సంకేతాలకి, ఒకటి రెండు చివర్ల లయ కలపడానికి. ఇందులో ఫాంటమ్ పవర్ ఉండదు, ఎవరి కరెంటు వాళ్లదే. కానీ రాగి మీద దాన్ని తెచ్చే మోడెమ్‌కి ఎక్స్చేంజ్ వైపు నుంచి వందకు పైగా వోల్టులు పంపే పద్ధతి ఉంది. మోడెమ్ లైను వైపు స్క్రూలు మీవి కావు.

చిలుము, రాయి, పిడుగు

విశాఖలో రాగికి ఇద్దరు శత్రువులు. మొదటిది ఉప్పుగాలి. బీచ్ రోడ్డుకి దగ్గర డీపీ బాక్సు తెరిస్తే స్క్రూల మీద పచ్చటి చిలుము. ఎక్స్చేంజ్ బ్యాటరీలో ప్లస్‌ను భూమికి కట్టి, లైను మీద మైనస్ 48 పెట్టడం వెనక కారణం కూడా ఇదే. తీగ భూమికంటే మైనస్‌లో ఉంటే తడి నేలలో రాగి కరిగిపోవడం తగ్గుతుంది. అయినా జాయింట్ల మీద చిలుము ఆగదు. మామూలు ఫోన్‌లో అది కరకరమని వినబడి హెచ్చరిస్తుంది. ఐఎస్‌డీఎన్‌లో గొంతు చివరి క్షణం దాకా తేటగా ఉండి, ఎన్‌టీ దీపం మిణుకుమని, ఒక్కసారిగా తెగుతుంది. అందుకే ఇక్కడ చెవిని నమ్మకూడదు, దీపాన్ని చూడాలి.

రెండోది పిడుగు. ఎక్స్చేంజ్‌లోనూ, పెద్ద భవనాల్లో తీగలన్నీ వచ్చి చేరే ఎండీఎఫ్ బోర్డులోనూ ప్రతి జతకూ ప్రొటెక్షన్ మాడ్యూల్ ఉంటుంది. అందులో గ్యాస్ గొట్టం మామూలుగా నిద్రపోతుంది, కొన్ని వందల వోల్టులు రాగానే లేచి వాటిని భూమిలోకి దింపుతుంది. దింపడానికి భూమి ఉండాలి కదా. కైలాసగిరి వైపు ఖొండలైట్ కొండరాయి మీద కట్టిన భవనాల్లో ఎంత బొగ్గు, ఎంత ఉప్పు పోసి ఎర్త్ గొయ్యి తవ్వినా మీటరు మంచి అంకె చూపించదు. అప్పుడు టెలిఫోన్ వాళ్లకు ఒక గొయ్యి, కరెంటు వాళ్లకు దూరంగా ఇంకో గొయ్యి తవ్వి, "సెపరేట్ ఎర్త్ ఇచ్చాం సార్" అని గర్వంగా చెబుతారు.

మళ్లీ ఆ పడవల దగ్గరికే రావాలి. పిడుగు దగ్గర్లో పడితే రాతినేల మీద ఒక గొయ్యి వేల వోల్టులు లేస్తుంది, రెండోది లేవదు. ఎన్‌టీకి ఒక వైపు టెలిఫోన్ ఎర్త్ లోకం, ఇంకో వైపు కరెంటు ఎర్త్ లోకం. ఆ వేల వోల్టుల తేడా మొత్తం పడేది లోపలి బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ మీద. అదే రెండు ఎర్త్‌లనూ లావుపాటి రాగి తీగతో ఒక్కచోట కలిపేస్తే రెండు పడవలూ కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. మధ్యలో ఉన్న పెట్టెకు పోటు వచ్చినట్టే తెలియదు. గొయ్యి మంచిదా కాదా అన్నదానికంటే, గోతులు కలిసున్నాయా లేదా అన్నది పెద్ద ప్రశ్న. ఆకాశం ఉరుముతున్నప్పుడు మాత్రం ఏ ఎర్త్‌నీ నమ్మి స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.

ట్రావెల్స్ ఆఫీసు వాళ్లు ఆ తర్వాత ఫైబరుకి మారిపోయారు. డబ్బా మాత్రం మెట్ల మలుపులో అలాగే ఉంది. మొన్న గోడకు రంగులేసేవాళ్లు వచ్చారు, దాన్ని పీకెయ్యమంటారా అని మేనేజరు నన్ను అడిగాడు. లైను అధికారికంగా ఆపించాడో లేదో అతనికే గుర్తు లేదు. యూ సాకెట్‌లో మీటరు పెట్టాను. అటు నుంచి ఇంకా డీసీ వస్తోంది. పెయింటరు కటింగ్ ప్లయరుతో రెండు తీగల్నీ ఒకేసారి పట్టుకుని కత్తిరించబోతుంటే ఆపాను. అలా కత్తిరిస్తే ప్లయరే రెంటినీ షార్టు చేస్తుంది. లైన్‌మాన్‌ని పిలిపించి, ఒక్కో తీగ విడిగా కోయించి, చివర్లు వెనక్కి మడిపించి, విడివిడిగా టేపు చుట్టించి, మీద తేదీ రాసిన చీటీ కట్టించాం. ఎక్స్చేంజ్‌లో ఈ జతను కలిపి ఉంచే జంపరు తీగను తీయించడానికి దరఖాస్తు రాసి ఇమ్మన్నాను. ఇచ్చాడో లేదో ఇంకా చెప్పలేదు.